నూట ఇరవై కాళ్ల స్లాటు

ఫిబ్రవరి 3

ఎడమచేత్తో రాస్తున్నాను. కోడి కెలికినట్టుంది రాత. షాపులో రిపేర్లు రాసుకునే పాత పుస్తకం ఒకటి వెనక సగం ఖాళీగా ఉంటే తీశాను. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోంది. కుడిచేతికి వేళ్ల దగ్గర్నుంచి మోచేతి దాకా పిండికట్టు. చిటికెనవేలి కింద ఎముక విరిగింది. షట్టరు పడింది.

మార్చి తొమ్మిదిన విప్పుతారట. ఐదు వారాలు. కంప్యూటర్లు బాగుచేసేవాళ్లు ఈ వీధిలో పదిమంది ఉన్నారు. వాళ్లంతా పార్టు పోతే కొత్త పార్టు వేసేవాళ్లే. మదర్‌బోర్డు మీద ఎక్కడ తెగిందో వెతికి పట్టుకుని చచ్చినదానికి మళ్లీ ఊపిరి పోసేవాణ్ని నేనొక్కణ్నే. నన్ను బోర్డు డాక్టరంటారు. ఇప్పుడు డాక్టరు చేతికే కట్టు. నవ్వేవాళ్లను నవ్వనీ.

ఫిబ్రవరి 4

ఆస్పత్రిలో ఎక్స్-రే తీసిన ఆవిడ మాటలు ఇంకా మండుతున్నాయి.

తెర మీద నా చెయ్యి చూపించి, "షట్టరు పడితే వేళ్లు నలుగుతాయండీ, గోళ్లు పోతాయి. ఇక్కడ విరిగేది పిడికిలి బిగించి కొడితేనే. నెలకి ముగ్గురు నలుగురు వస్తూనే ఉంటారు. గోడా, మనిషా?" అంది.

"షట్టరు," అన్నాను.

మా ఆవిడ పక్కనే నిలబడి చెప్పులు చూసుకుంటోంది. ఎక్స్-రే ఆవిడ నన్నొదిలేసి తనని చూసింది, చాలాసేపు. నీ పని ఫొటో తియ్యడం. పెళ్లి ఫొటోలు తీసేవాడు పెళ్లికొడుకు గుణం గురించి మాట్లాడతాడా?

షాపు పైన మా ఇంట్లో వంటగది గోడకి పెచ్చు ఊడింది. మా ఆవిడ తల ఎత్తున. సిమెంటు పూయించాలి.

ఫిబ్రవరి 6

మూడురోజులు షాపు మూస్తే పక్కవాళ్లకి పండగ. అందుకే ఉపాయం ఆలోచించాను. మా ఆవిడ పన్నెండేళ్లుగా కౌంటర్లో కూర్చుని వచ్చినవాళ్ల పేరూ జబ్బూ రాసుకుంటోంది. ఇక నుంచి బెంచీ దగ్గర కూర్చుంటుంది. తల నాది, చేతులు తనవి.

మొదటి పాఠం చెప్పాను. చేతి ఉంగరం తీసెయ్, మెడలో గొలుసు తీసెయ్. బోర్డుకి లోహం తగిలితే షార్టవుతుంది. నేను నా గడియారం తీసేది ఒక్క బోర్డు పని దగ్గరే. నీళ్లలో తడిసినా పాడవదు, నిద్రలోనూ చేతికే ఉంటుంది. కానీ బోర్డు ముందు కూర్చుంటే మాత్రం తీసి పక్కన పెట్టాల్సిందే.

రెండో పాఠం. ప్లగ్గు పీకు. పీకాక కూడా ముట్టుకోకు. మీట ఒకసారి నొక్కి లోపల మిగిలిన కరెంటు ఖాళీ చెయ్యి. బోర్డు మూలన బియ్యపు గింజంత లైటు ఉంటుంది, చూశావా? కంప్యూటర్ ఆపేసినా ఆ లైటు వెలుగుతూనే ఉంటుంది. అది వెలుగుతున్నంతసేపూ బోర్డు చావలేదన్నమాట. అప్పుడు కార్డు దూర్చావంటే కార్డూ పోతుంది, బోర్డూ పోతుంది. లైటు ఆరాకే చెయ్యి పెట్టాలి.

"ఆపేసినట్టే కనిపిస్తుంది కానీ లోపల ఉంటుందన్నమాట," అంది.

"అదే చెప్తున్నా."

తల ఊపింది. అలవాటుగా నా చెవి పక్కకి చూస్తోంది, కళ్లలోకి చూడదు.

ఫిబ్రవరి 7

స్లాట్లు నేర్పాను. ప్రాసెసర్‌కి దగ్గరగా పొడుగ్గా ఉన్నది బొమ్మల కార్డుకి. దాని చివర చిన్న గొళ్లెం ఉంటుంది, కార్డు తీసేముందు అది నొక్కాలి. నొక్కకుండా లాగితే స్లాటే ఊడి చేతికొస్తుంది. వేలెడంత ఉన్న పొట్టి స్లాట్లు నెట్‌వర్కుకీ, సౌండుకీ. పాత బోర్డుల్లో తెల్లగా, వెడల్పుగా ఉండేవి వేరే జాతి. ఒక్కో రకం స్లాటుకీ మధ్యలో అడ్డుగోడ ఒక్కోచోట ఉంటుంది. కార్డుకి గాటు కూడా సరిగ్గా అక్కడే. దేనికి తగ్గది దానికే పడుతుంది.

"పట్టకపోతే?"

"పట్టకపోతే అది దానిది కాదన్నమాట. తిప్పి చూడాలి. బలవంతం చెయ్యకూడదు. రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా ఒకే బరువు, టక్కుమంటుంది. బలం వాడాల్సొచ్చిందంటే నువ్వు తప్పు చేస్తున్నట్టే."

పద్దెనిమిదేళ్ల అనుభవం ఒక్క ముక్కలో చెప్పాను. నాకే ముచ్చటేసింది.

ఫిబ్రవరి 8

భోజనం దగ్గర అడిగింది. "ఎక్స్-రే ఆవిడకి షట్టరని ఎందుకు చెప్పారు?"

ఎందుకు అడగాలి? ఎవరు అడగమన్నారు? అన్నం తింటున్న మనిషిని?

చెయ్యి చాపాను. కట్టున్న చేత్తో గడియారం పట్టీ విప్పుకోలేను. తనే విప్పి గూట్లో పెట్టింది. అమ్మ లేచెళ్లి వెనక వసారాలో కుళాయి తిప్పింది. బిందె నిండి పొర్లిందాకా తిప్పే ఉంచింది.

కుడిచేత్తో చేసింది ఎడమచేతికి తెలియకూడదంటారు. మా ఇంట్లో ఇప్పుడు రెండిటికీ తెలుసు.

ఫిబ్రవరి 9

తను పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది. ఉక్కగా ఉన్నా సరే. పని బాగానే చేసింది. నేను తన వేళ్ల జోలికి ఎప్పుడూ వెళ్లను. ఆ మాత్రం ఇంగితం నాకుంది.

ఫిబ్రవరి 13

బడి కంప్యూటర్ ఒకటి వచ్చింది. మీట నొక్కితే పలకదు. మీట నుంచి వచ్చే సన్నతీగలు బోర్డు అంచున తొమ్మిది సూదుల మీద కూర్చోవాలి. రెండేసి సూదులు ఒక్కో తీగకి. మీటకి రెండు, లైటుకి రెండు, అలాగ. నేను చెప్పిన చోటే పెట్టింది, పలకలేదు. అప్పుడు తను భూతద్దం పెట్టి చూసి, "ఈ బోర్డుకి వరుస తిరగేసి ఉందేమోనండీ, ఇక్కడ చిన్నగా రాసుంది," అంది. మార్చింది. పలికింది.

బడి గుమాస్తా నవ్వాడు. "డాక్టరుగారికి కళ్లజోడు కావాలి," అన్నాడు.

వాడు వెళ్లేదాకా ఆగాను. నాకు నిగ్రహం లేదనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వాడు వెళ్లాడు, షట్టరు సగం దించాను, చెయ్యి చాపాను. తను పట్టీ విప్పుతుంటే వేళ్లు వణకలేదు. అదే నాకు నచ్చలేదు.

నలుగురిలో మొగుణ్ని తప్పు పట్టకూడదని పాఠం. అది కూడా నేర్పాలి కదా. పైన ఇంట్లో అమ్మ కుళాయి తిప్పింది.

ఫిబ్రవరి 14

షాపు తెరవలేదు. తనకి జ్వరం.

ఫిబ్రవరి 16

ఎక్స్-రే ఆవిడే వచ్చింది, ఆటోలో కంప్యూటర్ పెట్టుకుని. వద్దు పొమ్మందామనుకున్నాను, కానీ జబ్బు చూశాక వదల్లేకపోయాను.

వాళ్ల ఎక్స్-రే మిషను నుంచి బొమ్మ ఒక కార్డు ద్వారా కంప్యూటర్లోకి వస్తుంది. పాతకాలపు కార్డు. ఆ తెల్లటి వెడల్పు స్లాటులో తప్ప ఇంకెందులోనూ పట్టదు. ఇప్పటి బోర్డుల్లో ఆ స్లాటే లేదు. వాళ్ల మనిషెవడో దుమ్ము దులుపుతానని కార్డు పీకి, తిరగేసి దూర్చి, పట్టకపోతే పిడికిలితో గుద్దాడట. స్లాటు నిలువునా చీలింది. ఒకటే స్లాటు ఆ బోర్డుకి.

"మిషను కంపెనీవాళ్లు మొత్తం మార్చాలంటున్నారు. అది మావల్ల కాదు. రోజూ ఎముకలు విరిగినవాళ్లని వేరే ఊరికి పంపిస్తున్నాం," అంది.

"ఒక చచ్చిన బోర్డు నుంచి స్లాటు ఊడదీసి దీనికి వెయ్యాలి. నూట ఇరవై కాళ్లు. ఒక్కటి అతకకపోయినా బొమ్మ రాదు. ఈ వీధిలో అది చెయ్యగలిగింది నేనే," అన్నాను, కట్టు మర్చిపోయి.

"నేను చేస్తాను," అంది మా ఆవిడ.

ఎక్స్-రే ఆవిడ సరేనంది. నన్ను అడగలేదు. వెళ్తూ తన భుజం మీద చెయ్యి వేసింది. మా ఆవిడ ఉలిక్కిపడి పక్కకి జరిగింది. నొప్పి పుట్టిందేమో. ఎవరైనా అంత గట్టిగా వేస్తారా చెయ్యి?

ఫిబ్రవరి 21

గడియారం తీయించాను. చిన్న విషయానికే. ఏదో గుర్తులేదు.

ఫిబ్రవరి 22

గుర్తొచ్చింది. టీ చల్లారింది.

ఫిబ్రవరి 25

చచ్చిన బోర్డు నుంచి స్లాటు ఊడదీయడం మొదలుపెట్టాం. వేడిగాలి కింద నుంచి పట్టాలి. సీసం కరిగేదాకా ఆగాలి. ఎక్కువైతే బోర్డు పొంగుతుంది, తక్కువైతే కాళ్లతో పాటు లోపలి పూత లేచిపోతుంది. నేను ఎదురుగా కూర్చుని చెప్తున్నాను. ఇంకొంచెం, ఇంకొంచెం, ఆగు, ఇప్పుడు. తను పట్టకారుతో ఎత్తింది. పాలమీగడ తీసినట్టు వచ్చింది స్లాటు.

నిజం రాస్తున్నాను, ఎవరూ చదివేది కాదు కాబట్టి. పద్దెనిమిదేళ్లలో నేనెప్పుడూ అంత శుభ్రంగా తీయలేదు.

"మీరు కొంచెం అవతల కూర్చోండి, నీడ పడుతోంది," అంది.

జరిగాను. జరిగి కూర్చున్నాక తెలిసింది, జరిగానని. ఏకు మేకవడమంటే ఇదే.

ఫిబ్రవరి 28

తను నూట ఇరవై కాళ్లూ అతికించింది. ఒక్కో కాలికీ మీటరు పెట్టి చూసింది. కూతపెట్టే మీటరు అది, అతికితే కూస్తుంది. నూట ఇరవై కూతలు లెక్కపెడుతూ కూర్చున్నాను, ఒక్కటైనా పలకదేమోనని. అన్నీ పలికాయి.

మార్చి 1

ఎక్స్-రే ఆవిడ చూసిపోవడానికి వచ్చింది. భూతద్దం కింద పెట్టి చూసింది. "అమ్మా, నీ చేతులు బంగారం," అంది. మా ఆవిడ నవ్వింది. నాకు తెలియని నవ్వు. పన్నెండేళ్లలో ఆ నవ్వు ఎక్కడ దాచింది?

"చెప్పింది నేను," అన్నాను.

"అవునండీ, చెప్పడం కూడా ముఖ్యమే," అంది ఎక్స్-రే ఆవిడ, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "కార్డు మా దగ్గర బీరువాలో ఉంది. బుధవారం పంపిస్తా. దూర్చి సిద్ధం చెయ్యి. శనివారం నువ్వే వచ్చి మిషనుకి కలపాలి. నువ్వే రావాలి."

నువ్వే, నువ్వే. రెండుసార్లు.

మధ్యాహ్నం మేడ మీదకి పిలిచాను. చెయ్యి చాపాను. విప్పింది. కిందపడ్డాక కూడా ఆ నవ్వు ఏమైందో చూద్దామని మొహం ఇటు తిప్పమన్నాను. తిప్పలేదు. కాళ్లకి కట్టు లేదు కదా నాకు.

కుళాయి చాలాసేపు పోయింది. నీళ్లు ఎంత వృథా చేస్తుందో అమ్మ.

మార్చి 2

తను ఒకవైపు ఒరిగి కూర్చుంటోంది. బెంచీ కాలు వంకరైనట్టుంది. చూడాలి.

మార్చి 4

కార్డు వచ్చింది, వెండిరంగు సంచీలో.

ఈరోజు ఇద్దరు కొత్తవాళ్లు వచ్చి "మేడంగారితో చేయించండి" అన్నారు. ఎదురుగా నేను కూర్చునే ఉన్నాను, నా పేరున్న బోర్డు నా నెత్తి మీద వేలాడుతూనే ఉంది. కంచె వేసినవాడే బయట, మేక లోపల.

సాయంత్రం తనతో అన్నాను, మామూలుగానే, అరవకుండా. "తొమ్మిదో తారీకు నా కట్టు విప్పుతారు. ఆ తర్వాత నీ చేతులతో నాకు పనిలేదు. ఆ రోజు చూస్తా, నీ బంగారం చేతుల సంగతి."

ఊరికే అన్నాను. మొగుడన్నాక కోపంలో వంద అంటాడు. తను పళ్లెం కడుగుతోంది. కడిగిన పళ్లెమే మళ్లీ కడిగింది. తర్వాత తన చేతులు రెండూ తుడుచుకుని వాటివంక చూసుకుంది, అవేవో అరువు తెచ్చుకున్నట్టు.

మార్చి 5

కార్డు దూర్చే రోజు. తను ప్లగ్గు పీకింది. మీట నొక్కింది. లైటు ఆరింది. కార్డు సంచీలోంచి తీసి, దాని అంచున ఉన్న బంగారురంగు పళ్లు తుడవడానికి అటు తిరిగింది.

ప్లగ్గు బల్లకింద వేలాడుతోంది. కాలికి తగులుతోందని పక్కకి జరుపుదామనుకున్నాను. ఎలాగో గోడలో కూర్చుంది. స్విచ్చు కూడా ఎలాగో పడింది.

తను కార్డు పట్టుకుని ఇటు తిరిగింది. స్లాటు మీదకి తెచ్చింది. రెండు బొటనవేళ్లూ రెండు చివర్లా. ఇంక నొక్కడమే. నొక్కితే ఆ కార్డు లోకంలో ఇంకోటి దొరకదు. అంతా తన తప్పే అయ్యేది. బంగారం చేతులు మసిబొగ్గయ్యేవి. 

ఆగింది. మూలన చూసింది. బియ్యపు గింజంత లైటు.

తర్వాత నావైపు చూసింది. చెవి పక్కకి కాదు, కళ్లలోకి. కార్డుని మళ్లీ సంచీలో పెట్టి, వంగి, ప్లగ్గు పీకి, తీగని బల్లమీద నా ముందు పెట్టింది.  మీట నొక్కింది, లైటు ఆరింది, కార్డు దూర్చింది. టక్కుమంది.

ఆ టక్కు వినపడ్డాక ఇంక నావల్ల కాలేదు. చెయ్యి చాపాను. విప్పుతూ అంది, "మీకు కూడా ఉందండీ చిన్న లైటు. నాకు పన్నెండేళ్ల నుంచి తెలుసు."

ఏం కూసిందో అర్థం కాలేదు. ఈసారి కట్టున్న చెయ్యి కూడా వాడాను. పిండికట్టు అంత గట్టిగా ఉంటుందని తెలియదు. పక్కటెముకల దగ్గర పుల్ల విరిగిన చప్పుడు. కట్టుదేమో అనుకున్నాను. కట్టు బాగానే ఉంది.

మార్చి 6

పరీక్ష పెట్టాను, అంతే. గురువన్నాక పరీక్ష పెట్టడా? పాసైంది కూడా.

మార్చి 7

ఆస్పత్రికి వెళ్లాం. కంప్యూటర్ నేను మోయలేను, తను మోసింది. మెట్లమీద మూడుసార్లు ఆగింది.

ఎక్స్-రే గదిలో తీగలన్నీ తనే కలిపింది. తెర వెలిగింది. ఎముకల డాక్టరు కూడా వచ్చి నిలబడ్డాడు. "పని చేస్తోందో లేదో తెలియాలంటే ఒక ఫొటో తియ్యాలి. వరండాలో పేషెంటు ఎవరున్నారో చూడండి," అన్నాడు.

"నన్ను తియ్యండి," అంది మా ఆవిడ.

"ఊరికే బాగున్న మనుషులకి తియ్యమమ్మా," అన్నాడు డాక్టరు.

"ఊరికే కాదండీ. ఊపిరి తీస్తే నొప్పిగా ఉంది. రెండురోజులైంది."

నేను ఏదో అనేలోపే ఎక్స్-రే ఆవిడ తనని లోపలికి తీసుకెళ్లి తలుపు వేసింది. డాక్టరూ నేనూ అద్దం ఇవతల తెర ముందు. బొమ్మ పైనుంచి కిందకి మెల్లగా దిగింది. గీత లేదు, చుక్క లేదు. నూట ఇరవై కాళ్లూ పని చేస్తున్నాయి. చాలా మంచి పని. ఇంత శుభ్రమైన బొమ్మ ఆ కార్డు కొత్తలో కూడా ఇచ్చి ఉండదు.

అప్పుడు చూశాను, ఎడమవైపు పక్కటెముకల మీద తెల్లటి ముడులు. ఒకటి, రెండు, మూడు. వాటికింద ఇంకో ఎముక మీద నల్లటి గీత.

"కార్డు సరిగ్గా కూర్చోలేదు," అన్నాను. "మచ్చలు పడుతున్నాయి. చెప్పాను కదా, ఆడవాళ్ల పని ఇలాగే ఉంటుందని."

 ఎక్స్-రే ఆవిడ బయటికొచ్చి తెర చూసింది.

"మచ్చలు కావండీ," అంది. "విరిగిన ఎముక అతుక్కుంటే అక్కడ ముడి పడుతుంది. ఇవి మూడూ పాతవి. ఒక్కోటీ ఒక్కో ఏటిది. ఆ గీత కొత్తది."

మా ఆవిడ జాకెట్టు సర్దుకుంటూ వచ్చి తెర ముందు నిలబడింది. తన లోపల తనే చూసుకుంటోంది. ఏడవలేదు. పని చేసిన బోర్డుని చూసినట్టే చూసింది.

"కార్డు సరిగ్గానే కూర్చుంది," అంది.

"ఇవి ఎలా విరిగాయమ్మా?" అన్నాడు డాక్టరు.

"మెట్లమీంచి పడింది," అన్నాను నేను.

"మెట్లు కాదండీ. ప్రతిసారీ ఆయన ముందు గడియారం తీసేవారు. కట్టు పడ్డాక అది నేనే విప్పాను."

డాక్టరుకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. కానీ ఎక్స్-రే ఆవిడ నా ఎడమ మణికట్టు వైపు చూసింది. నేను చెయ్యి జేబులో పెట్టుకున్నాను. నన్ను బయట కూర్చోమన్నారు. గంట కూర్చున్నాను. ఒక ఆడ పోలీసు లోపలికి వెళ్లింది, చేతిలో కాగితాలతో వచ్చింది. నాతో అంది, "మీ ఆవిడ మీతో రానంటోంది. మీరు వెళ్లండి. సోమవారం సాయంత్రం స్టేషనుకి రావాలి."

ఒక్కణ్నే వచ్చాను. షాపు తాళం చెవి తన దగ్గరే ఉండిపోయింది.

మార్చి 8

అనుమానం లేదు, ఆ ఎక్స్-రే మనిషే నూరిపోసింది. లేకపోతే మా ఆవిడకి అంత తెలివి ఎక్కడిది?

వెళ్లి తీసుకొద్దామని బయల్దేరాను. చొక్కా వేసుకున్నాను. అమ్మ వంటగదిలో ఉంది, పెచ్చూడిన గోడకి ఆనుకుని.

"అమ్మా, ఈ గడియారం కాస్త విప్పు," అని చెయ్యి చాపాను.

కదల్లేదు.

"ఎక్కడికిరా?"

"ఆస్పత్రికి. దాన్ని తీసుకొస్తా."

"విప్పను."

"ఏంటి?"

"మీ నాన్న కళ్లజోడు తీసేవాడు. తీసి నా చేతికే ఇచ్చేవాడు, పగలకుండా పట్టుకోవే అని. నేను పట్టుకుని నిలబడేదాన్ని." అమ్మ గొంతు ఎప్పటిలాగే ఉంది, కూరలో ఉప్పు సంగతి చెప్తున్నట్టు. "నువ్వు తలుపు సందులోంచి చూసేవాడివి. నేను కుళాయి తిప్పేది నీళ్ల కోసం అనుకున్నావా ఇన్నాళ్లూ? ఆ పిల్ల అరుపు నాకు వినపడకూడదని. అది అరిచేది కాదని నాకూ తెలుసు. అయినా తిప్పేదాన్ని."

"అమ్మా, విప్పు."

"కొడతావా? కొట్టు. గడియారంతోనే కొట్టు. నేను మాత్రం విప్పను నాయనా."

చెయ్యి ఎంతసేపు చాపి ఉంచానో తెలియదు. నొప్పి పుట్టి దించేశాను.

అమ్మకి చాదస్తం ఎక్కువైంది. నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని తిప్పేవాడు. అది మాత్రం చెప్పదు.

అమ్మ ఇవాళ కుళాయి తిప్పలేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

మార్చి 9

పొద్దున కట్టు విప్పారు. చిన్న రంపంతో కోశారు. చెయ్యి సన్నగా, పాలిపోయి, ఎవరిదో అన్నట్టుంది. పిడికిలి బిగించమన్నాడు డాక్టరు. బిగియలేదు. నెలైనా పడుతుందట.

అతుక్కుందో లేదో చూడాలని ఫొటో తీశారు. అదే కంప్యూటర్, అదే కార్డు, అదే స్లాటు. బొమ్మ దిగింది. చిటికెనవేలి కింద, విరిగినచోట, తెల్లటి ముడి. తన పక్కటెముకల మీద ఉన్నట్టే. సరిగ్గా అలాంటిదే.

ఎక్స్-రే ఆవిడ తెర నావైపు తిప్పింది. "ఇది కూడా కార్డు మచ్చేనా?" అంది. వెటకారం లేదు గొంతులో. నిజంగానే అడిగింది.

చొక్కా చెయ్యి కిందకి లాక్కున్నాను.

మా ఆవిడ కనపడలేదు. వరండా చివర గదిలో ఎవరో కంప్యూటర్ విప్పుతున్న చప్పుడు వినిపించింది. స్క్రూలు పళ్లెంలో పడే చప్పుడు, ఒక్కోటీ. అది ఎవరి చెయ్యో నాకు తెలుసు. నేనే నేర్పాను, స్క్రూలు చేతిలో పెట్టుకోకు, పళ్లెంలో వెయ్యి అని. అటు రెండడుగులు వేశాను. తలుపు దగ్గర ఆడ పోలీసు కుర్చీలో కూర్చుని ఉంది. వెనక్కి వచ్చాను.

మధ్యాహ్నం ఇంట్లో రెండు చేతులూ బయటపడ్డాయి కదా, గడియారం నేనే విప్పుకుందామని కూర్చున్నాను. ఎందుకు విప్పడం, ఇప్పుడు ఎవరున్నారని. అయినా కూర్చున్నాను. కుడి బొటనవేలికి బలం లేదు. పట్టీ జారిపోతోంది. పదిసార్లు ప్రయత్నించాను. రాలేదు.

స్టేషనులో ఏం చెప్పాలో రాసుకుందామని పుస్తకం తీశాను. నేనేమన్నా రాక్షసుణ్నా, గడియారం తీసేది బోర్డు పని కోసమని ఎవరిని అడిగినా చెప్తారు. మొదటి పేజీ నుంచి తిరగేశాను, ఏ రోజు ఏ బోర్డో తారీకులతో చూపిద్దామని.

ఎనిమిది. పదమూడు. ఇరవై ఒకటి. ఒకటి. ఐదు.

ఈ ఐదు వారాల్లో నేను ఒక్క బోర్డు కూడా ముట్టుకోలేదు. గడియారం ఐదుసార్లు తీయించాను.

మళ్లీ లెక్కపెట్టాను. ఐదే.